గాలికోటుకు బొట్టు

మా సాగరదర్శిని అపార్ట్‌మెంట్స్ లిఫ్టులో మళ్ళీ జెల్లీచేప ఇరుక్కుంది. దాన్ని తియ్యడం లిఫ్టు కంపెనీ పనా, చేపల శాఖ పనా అని అసోసియేషన్ గ్రూపులో నాలుగు రోజులుగా వాదన. లిఫ్టు వాడుకుంటోంది కాబట్టి దాని చేత మెయింటెనెన్స్ కట్టించాలని ఒకాయన అన్నారు. ఆయనకి పదకొండు దణ్ణం బొమ్మలు వచ్చాయి. సముద్రం విశాఖలోకి రాకముందు ఈ బిల్డింగ్ నుంచి సముద్రం కనిపించేదట. ఇప్పుడు సముద్రానికి మేం కనిపిస్తున్నాం. పేరు మాత్రం మార్చలేదు. కొత్త బోర్డు ఖర్చు ఎవరిదో ఇంకా తేలలేదు.

అందుకని గాలికోట్లు పరీక్షించే తేలిక శాఖ తనిఖీదారు పద్మలోచన ఆ ఉదయం మెట్లదారి వెంటే ఈదుకుంటూ డాబా మీదికి చేరింది. మా బిల్డింగ్‌లో నీళ్ళకు పైన మిగిలింది ఆ డాబా ఒక్కటే. ఇళ్ళన్నీ నీళ్ళ కిందే, లోపల మాత్రం గాలి నింపుకుని పొడిగా ఉంటాయి. పనిముట్ల సంచీ దించి, తొట్టెలో మంచినీళ్ళు పట్టింది.

అధ్యక్షులు జోగారావు గారు అప్పటికే కుర్చీలో ఉన్నారు. ఒళ్ళో ఆయన గాలికోటు, గుమ్మం దాటితే మునగకుండా నీళ్ళలో తేల్చేది. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు దాని మీద ఇంకా అలాగే ఉంది. కవరు తీస్తే పాతదైపోతుందని ఆయన భయం. కొని తొమ్మిదేళ్ళయింది.

"చూడండమ్మా, మీరేం శ్రమపడక్కర్లేదు. ఈ బిల్డింగ్ మొత్తానికి లీకు ఒక్కటే, అట్టడుగు ఇంట్లో నీలవేణిది. రోజూ తెల్లారేసరికి దాని కోటు వట్టిపోయి ఉంటుంది. పనికిరాదని ముద్ర కొట్టేస్తే కాఫీ తాగి వెళ్ళిపోవచ్చు."

నీలవేణి వాచ్‌మన్ భార్య. తడి జుట్టు పిండుకుంటూ నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి ఉంది. ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు.

"ముద్దర కొట్టేస్తే నానేటైపోవాలమ్మా? కోటు నేకపోతే గుమ్మం దాటనేను. నా పిల్ల సింహాచలం కొండ మీద హాస్టల్ల ఉంది. ఆదోరం ఆదోరం నాకోసం మెట్లకాడ కూకుంటాది."

"చెత్తకోటుతో నువ్వు మునిగిపోతే బిల్డింగ్‌కి చెడ్డపేరు కాదూ?" అన్నారు జోగారావు గారు, ఎంతో దయగా.

రాత్రిపూట అందరూ ఎవరి గుమ్మం దగ్గర వాళ్ళు కోట్లను ఉమ్మడి గొట్టానికి తగిలిస్తారు. ఏ కోటులో గాలి తగ్గినా పంపకాల యంత్రం చప్పుడు లేకుండా నింపేస్తుంది. పై అంతస్తుతో మొదలుపెట్టి కిందికి వస్తుంది. మధ్యలో గాలి అయిపోతే అక్కడితో ఆగిపోతుంది. పొద్దున్న ఏ కోటు వట్టిగా ఉంటే దానిదే లీకు. లీకు ఎవరిదో తేల్చే శాఖవారి యంత్రం, తీర్పుపెట్టెకి తెలిసిన న్యాయం అంతే. ఊరంతా అదే న్యాయం.

పద్మలోచన నీలవేణి కోటును నిండా ఊది తొట్టెలో ముంచింది. కుట్ల వెంట వేళ్ళతో నొక్కుకుంటూ పోయింది. భుజాలు, నడుము, గొట్టం మొదలు, గాలి వదిలే విడుపుమూత. ఒక్క బుడగ రాలేదు.

"అయ్యా, మీది ఇలా ఇవ్వండి."

"నాదెందుకు? పొద్దున్న కూడా నిండుగా ఉంది."

"రాత్రంతా నింపుతుంటే ఎందుకు ఉండదండీ? ఇవ్వండి."

"కవరు తియ్యకుండా ముంచండి మరి."

కవరుతోనే ముంచింది. తొట్టె అన్నం ఉడుకుతున్న గిన్నెలా కుతకుతలాడింది. బుడగలన్నీ విడుపుమూత దగ్గరే. పద్మలోచన మూత తిప్పి విప్పింది. లోపలి రబ్బరు బిళ్ళ ఎర్రగా గట్టిపడి ఉంది. గోటితో గీరితే కింద పసుపు రంగు కనిపించింది.

"ఇదేమిటండీ?"

"కుంకుమమ్మా. దసరాకి ఆయుధపూజ చేసుకోమా? కోటుకి ముఖంలాగా గుండ్రంగా ఉన్నది అదొక్కటే. బొట్టు ఇంకెక్కడ పెడతాం?"

"పసుపు కూడా ఉంది."

"పసుపు రాయకుండా కుంకుమ పెడతామా!" ఆయనకి నిజంగా కోపం వచ్చింది.

"ఆ నలకల వల్ల బిళ్ళ సరిగ్గా కూచోదండీ. రాత్రంతా మీ గాలి పోతూనే ఉంటుంది. యంత్రం పోస్తూనే ఉంటుంది. ఆవిడ దాకా వచ్చేసరికి ఏం మిగులుతుంది?"

తర్వాత అన్ని అంతస్తుల కోట్లూ తెప్పించింది. ఒకరు కోటుకి మఖమలు గలీబు కుట్టించారు. ఒకరు దిష్టికి నిమ్మకాయ కట్టారు. నాలుగో అంతస్తు కోటు మూత మీద పసుపు కుంకుమలు పొరలు పొరలుగా పేరుకున్నాయి. ఆ కోటు నాది. మా ఆవిడ దసరాతో ఆగదు, ప్రతి శుక్రవారం పెడుతుంది. అన్నీ కుతకుతలాడాయి.

"నువ్వు పూజ చేసుకోలేదా నీలవేణీ?"

"సేసుకుందావనే కూకున్నానమ్మా. అసోసియేసనోల పల్లెం పైనించి ఒక్కో ఇల్లూ దాటుకోని మా కాడికొచ్చేతలికి కుంకం అయిపోనాది. ఉత్త పల్లానికే దండం ఎట్టుకోమన్నారు."

పద్మలోచన చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. మళ్ళీ కడుక్కుంది.

"తొమ్మిదేళ్ళ నాటి కవరు తియ్యడానికి మనసొప్పలేదు మీకు. ఆవిడ కోటు పనికిరాదని పారేయించడానికి ఎలా ఒప్పిందండీ?"

"మీరు రూలు ప్రకారం మాట్లాడాలమ్మా," అన్నారు జోగారావు గారు.

"రూలు ప్రకారమే చేస్తాను." ఆమె నీలవేణి కోటుకి బాగుందన్న ముద్ర కొట్టింది. డాబా చివరికి నడిచి ఉమ్మడి గాలి కుళాయి కట్టేసి, దానికి శాఖ సీలు వేసింది. ఇంతవరకూ ఊళ్ళో ఎవరూ చెయ్యని పని అది. "ఈ రాత్రికి ఎవరి గాలి వాళ్ళదే. కోట్లన్నీ ఒక్క తీరుగా ఉన్నాయని రాసిచ్చాకే తెరుస్తాను. మూత విప్పి, మంచినీళ్ళతో కడిగి, కాస్త సిలికాన్ జిడ్డు రాయండి. చిన్న పని."

ఒక్కరూ కడగలేదు. బొట్టు చెరపడమేమిటని ఆడవాళ్ళు మండిపడ్డారు. మగవాళ్ళు, తామైతే కడిగేవాళ్ళమేనని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు.

మర్నాడు ఆదివారం. పట్టుబట్టల మీద కోట్లు తగిలించుకుని బిల్డింగంతా ఒక పెళ్ళికి బయల్దేరాం. ఊపిరి సిలిండర్లు వేరు కాబట్టి ప్రాణాలకేం ఢోకా లేదు. పరువు ఒక్కటే మునిగింది. గుమ్మం దాటగానే అందరం మెల్లగా, ఎంతో హుందాగా కిందికి దిగిపోయి, నీలవేణి గుమ్మం ముందు బురదలో వరసగా కూలబడ్డాం. జోగారావు గారి కవరులో నీళ్ళు నిండి ఆయన అందరికన్నా ముందు దిగారు. అప్పుడే నీలవేణి తలుపు తీసుకుని వచ్చింది. చేతిలో కూతురికి జంతికల డబ్బా. మా అందరికీ నమస్కారం పెట్టి, మా తలల మీదుగా పైకి తేలిపోయింది.

ఇప్పుడు పక్క టవర్ల అడుగు ఇళ్ళవాళ్ళు కూడా తమ కుళాయిలు కట్టెయ్యమని పద్మలోచనను పిలుస్తున్నారు. తీర్పుపెట్టె ఎవరిది లీకో చెప్పలేక రెండుసార్లు ఆగిపోయిందట.

నిన్న అసోసియేషన్ మీటింగు జరిగింది. జోగారావు గారు లేచి, "కోట్లన్నీ ఒక్క తీరుగా ఉండాలన్నారు గానీ, కడిగే ఉండాలని అన్నారా?" అని అడిగారు. ఎంత తెలివో! వెంటనే ఏకగ్రీవంగా తీర్మానించారు. ఈసారి పూజ కింది నుంచి మొదలుపెట్టాలి, మొదటి బొట్టు నీలవేణి కోటు మూతకే పెట్టాలి, ఆమెకో చీర కూడా పెట్టాలి. పేదవాళ్ళని గౌరవించినట్టూ ఉంటుంది, కుళాయీ తెరుచుకుంటుంది. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, పక్కన కూర్చున్నాను కదా.

నెమ్మదస్తుడినని ఆ పళ్ళెం తడవకుండా కవరు చుట్టి నా చేత పంపారు. ప్రస్తుతం నీలవేణి ఇంట్లోనే ఉన్నాను. ఆమె కోటు మేకుకి వేలాడుతోంది. మూత తళతళలాడుతోంది. పళ్ళెంలో కుంకుమ ఈసారి నిండుగా ఉంది.

"ఈపాలి మా కాడికే ముందొచ్చినారా బాబూ!" అని ఆమె మురిసిపోతూ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఎల్లుండి మళ్ళీ ఆదివారం.

ఈ బొట్టు ఆమె మూత మీదికేనని, కుళాయి తెరిపించడానికేనని నిజం చెబితే పైకి వెళ్ళి మా ఆవిడకి ముఖం చూపించలేను. బొట్టు పెడితే ఈవిడకి చూపించలేను. అయ్యా, అమ్మా, చదువుతున్న పెద్దలెవరైనా సరే, మీకు దణ్ణం పెడతాను, ఏం చెయ్యమంటారో చెప్పండి. కాస్త త్వరగా చెప్పండి. టీ మరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.