రెండో వడ్డన

2086 డిసెంబరు. లంబసింగిలో ఇప్పుడు కుంపట్లు లేవు, చలిమంటలు లేవు. పొగ చట్టం వచ్చి అన్నిటినీ ఆర్పేసింది. గది వేడెక్కేలా హీటరు పెడితే జీతంలో సగం హారతి కర్పూరమే. అందుకని నలభై రెండు ఇళ్లలో సాయంత్రం కాగానే మనుషులు ఇద్దరిద్దరుగా, నడుముల మధ్య ఆరు మీటర్ల సన్నటి గొట్టం కట్టుకుని తిరుగుతున్నారు. చూసినవాళ్లు కొంగుముడి వేసుకున్నారా అని ఆటపట్టిస్తున్నారు.

దాని పేరు జంటచొక్కా. డాక్టర్ మందారవల్లి తన చలి భరించలేకే దాన్ని కనిపెట్టింది. మోకాళ్ల నొప్పి పోవాలని బరువు తగ్గే వైద్యం చేయించుకుని పధ్నాలుగు నెలల్లో ముప్పై ఎనిమిది కిలోలు తగ్గింది. మోకాళ్లు బాగుపడ్డాయి గానీ చలి పట్టుకుంది. కొవ్వు పోతే ఒంటి మీది దుప్పటి ఒక్కటే పోదు, లోపలి పొయ్యి కూడా చిన్నదవుతుంది. పక్కనే భర్త భూషణం నూట నాలుగు కిలోల మనిషి, అంత చలిలోనూ బనీనుతో తిరిగేవాడు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి వంద వాట్ల వేడి గాలిలో కలిసిపోతుంది. ఆ పోయేదాన్ని పట్టుకుంటే?

ఆమె రెండు చొక్కాల్లో వెంట్రుకంత నీటి గొట్టాలు నేసింది. చిటికెన వేలంత పంపు ఒకరి ఉష్ణాన్ని ఇంకొకరికి మోసుకెళ్తుంది. దాని ఖర్చు ఒక చిన్న బల్బు ఖర్చంత.

మూడు నెలల ప్రయోగంలో చలి పోయింది. కానీ పరిశోధనశాలలో ఆమె సహచరి షంషాద్ నివేదిక చూసి తల పట్టుకుంది.

"ఏటి మేడమ్ ఇది? ముప్పై తొమ్మిది ఇళ్లలో వేడి ఇచ్చేవాళ్లు లావెక్కిపోయారు!"

మందారవల్లికి భర్త గుర్తొచ్చాడు. భూషణానికి గుండె కవాటం మార్చాలి. బరువు తగ్గితేనే కత్తి పట్టుకుంటానని సర్జన్ రెండుసార్లు తిప్పి పంపాడు. జనవరి దాటితే ప్రమాదమన్నాడు. భూషణం తగ్గకపోగా ఏడు కిలోలు పెరిగాడు.

"ఒంట్లో వేడి పోతోంది కదా, ఆకలి ఎక్కువవుతోందేమో" అంది షంషాద్.

లెక్క కట్టారు. ఆకలి వల్ల పెరిగింది మూడో వంతే. మిగతాది ఎక్కడిది? ఇద్దరికీ కుతూహలం పెరిగింది. ప్రయోగం మొదట్లోనే ప్రతి ఇంటికీ తూకం కంచాలు ఇచ్చి ఉన్నారు. ఎంత వడ్డించిందీ, ఎప్పుడు వడ్డించిందీ అవి రాసుకుంటాయి. ఆ వివరాలన్నీ గణకి అనే విశ్లేషణ యంత్రానికి ఇచ్చారు.

"వేడి అందుకునే వ్యక్తి చొక్కా ముప్పై ఒక్క డిగ్రీల కిందికి దిగిన సగటున నాలుగు నిమిషాలకు, అవతలి కంచంలో రెండో వడ్డన పడుతోంది" అంది గణకి. "తిన్నాక ఒంట్లో వేడి పెరుగుతుంది. అది గొట్టం గుండా తిరిగొస్తుంది."

షంషాద్ నోరు తెరిచింది. "కావాలనే మేపుతున్నారా?"

"ఉద్దేశాలు నా దగ్గర లేవు. సమయాలే ఉన్నాయి."

"లావెక్కని మూడిళ్ల సంగతేమిటి?"

"అక్కడ ఎవరి కంచంలో వాళ్లే వడ్డించుకుంటారు."

మందారవల్లి యంత్రం దగ్గరికి జరిగింది. "పదిహేడో నంబరు ఇల్లు?" అది ఆమెదే.

"మూడు నిమిషాల పది సెకన్లు. అన్ని ఇళ్లకన్నా తొందరగా."

షంషాద్ కిటికీ వైపు తిరిగి, ఏదో పని ఉన్నట్టు నటించింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మందారవల్లి గరిటె ముట్టుకోలేదు. వంకాయ కూర చల్లారిపోతోంది. విషయమంతా చెప్పేసింది. చెబుతూ ఏడ్చింది.

"పొయ్యిలో కట్టెలు ఎగదోసినట్టు మీకు పెట్టానండీ. ప్రేమ అనుకున్నాను."

భూషణం నవ్వాడు. "నాకు మొదటి వారమే తెలిసింది వల్లీ. నేను తిన్న కాసేపటికి నీ వేళ్లు నీలం వదిలి ఎరుపెక్కేవి. అది చూస్తూ వద్దని ఎలా అంటాను?"

"మరి మీ గుండె?"

అతను కంచం ముందుకు జరుపుకున్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. ప్రేమకన్నా కోపమే మేలనిపించింది.

"లేవండి. తిని ఇచ్చే వేడి నాకొద్దు. నడిస్తే మూడింతలు వస్తుంది."

ఇద్దరూ గొట్టంతో సహా బల్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. భూషణం ఆయాసపడితే ఆగారు, మళ్లీ నడిచారు. ఏడో చుట్టుకి పంపు దానంతటదే ఆగిపోయింది. రెండు చొక్కాలూ ఒకేలా ముప్పై నాలుగు డిగ్రీలు చూపిస్తున్నాయి, మోసుకెళ్లాల్సిన వేడి లేదు. నడిచింది తనూ కదా! తన ఒంట్లో వేడి తనకే సరిపోతోంది. మందారవల్లికి నవ్వొచ్చింది.

కూర్చుని తిన్నారు. కంచం ఖాళీ చేసి భూషణం కూర గిన్నె వైపు చూశాడు.

ఆమె చెయ్యి గరిటె మీదికి వెళ్లింది.

ఆమెకు చలి లేదు. చొక్కా వెచ్చగా ఉంది, పంపు ఆగి ఉంది. అయినా చెయ్యి వెళ్లింది. అయితే అది చలి ఒక్కటే కాదన్నమాట. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే భయం వేసింది. చలికైతే చొక్కా కుట్టగలిగింది, ఈ చేతికి ఏం కుట్టాలి?

గరిటె తీసి భర్త చేతిలో పెట్టింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఎన్నడూ అనని మాట అంది.

"మీరే వడ్డించుకోండి."

భూషణం గరిటెను కాసేపు చూశాడు. తర్వాత గిన్నె మీద మూత పెట్టేశాడు.