గీత గీసిన ముఖం

దగ్గరికి జరగండి పిల్లలూ, చాప మీద ఇంకా జాగ ఉంది. హీబా, వెనుక కూసోకు, నా పక్కకు రా. పొద్దున బడి కిటికీ అద్దం పగిలింది. ఎవరు పగులగొట్టిన్రని అడిగితే పది వేళ్లు ఈ పిల్ల మీదికే లేచినయి. సరే, ఆ సంగతి రేపు చూద్దాం. ఇప్పుడొక ముచ్చట చెప్త.

పోయినేడు సకల జనుల సమ్మెకు మన బడి మూసిన్రు కదా, అప్పటిది. సిద్దిపేటల దినేశ్ అని ఒక ఫోటోగ్రాఫర్ ఉండె. వానకు తడిసి అతని కెమెరా పాడైంది. దీక్షా శిబిరం ఫోటోలేమో రోజూ తీయాలాయె. జానీ పాషా దుకాణంల ఒక పాత డిజిటల్ కెమెరా దొరికింది. అరచేతిలో పట్టేటంతది, మూలలకు రంగు పోయింది.

"ఎవరిది పాషా భాయ్?"

"కొండపాక అవ్వ ఒకామె అమ్మిపోయింది. కొడుకుదంట. పాతదే గని దినేశన్నా, మనిషి ముఖాన్ని ఇడిచిపెట్టదు చూడు." పాషా కెమెరాను తన దిక్కు తిప్పుకున్నడు. తెర మీద అతని ముఖం చుట్టూ పసుపుపచ్చ చతురస్రం పడ్డది. "నా అసొంటి మొఖాన్ని గూడ గుర్తుపట్టింది," అని నవ్విండు.

పొద్దు గుంకే యాళ్లకు దినేశ్ శిబిరానికి పోయిండు. ముందు వరసల అంజవ్వ అనే ముసలామె కూసున్నది. పక్క కుర్చీ ఖాళీ. ఆమె అతని చేతిల కెమెరాను చూసింది.

"గిది మా సిద్ధయ్యది. వాడు దీంతోని అందరి ఫోటోలు తీసిండు గని వానిది ఎవరూ తీయకపోయిరి. సంవత్సరీకం దగ్గరికొచ్చె. దండ వేద్దామంటే ఇంట్ల పటం లేదు. నీ తాన ఒక్కటన్న ఉన్నదా బిడ్డా?"

"లేదవ్వా."

ఉంది. ముందటేడు ఊరేగింపుల తీసింది. ఆ రోజు బస్సు మీద రాయి విసిరినోడు దినేశ్ సొంత తమ్ముడు. పోలీసులు ఫోటో ముందట పెట్టి అడిగితే, దినేశ్ ఎర్ర పెన్ను తీసి, ఓ పక్కకు నిలబడి నీళ్లు తాగుతున్న సిద్ధయ్య ముఖం చుట్టూ గుండ్రంగ గీత గీసిండు. సిద్ధయ్య జైలుకు పోయిండు. జ్వరంతోని బయటికొచ్చి, దవాఖానల పానం ఇడిచిండు. ఆ గీత సంగతి అంజవ్వకు తెల్వది.

దినేశ్ కెమెరా ఎత్తిండు. చతురస్రం అంజవ్వ మీద పడలేదు. ఖాళీ కుర్చీ మీద పడ్డది.

పాత సామాను గదా, అనుకున్నడు. మళ్లీ ఎత్తిండు. ఈసారి అది కుర్చీకి ఇవతల ఉంది. కొంచెం పెద్దగ.

గబగబ స్టూడియోకు వచ్చి తలుపేసుకున్నడు. కరెంటు లేదు. చీకట్ల తడి గోడల వాసన. తీసినయి చూద్దామని కెమెరా మీట ఒత్తితే, తెరల తన గదే కనపడ్డది. తలుపు కాడ చతురస్రం. తలెత్తి చూసిండు. ఎవరూ లేరు.

దవాఖాన మందుల వాసన వచ్చింది.

చతురస్రం నీలం పరదా దాటింది… కుర్చీ దాటింది… పెద్దగైతున్నది. దినేశ్ బ్యాటరీ పీకి పారేసిండు. తెర ఆరలేదు.

చెవి పక్కనే, మెల్లగ…

"అన్నా… నేను గాదని నీకెరుకనే గద."

దినేశ్ వెనుకకు జరిగి గోడకు ఆనుకున్నడు.

"పెన్ను తియ్యి. మళ్లొకపారి గియ్యి."

తెర నిండా ఇప్పుడు దినేశ్ ముఖమే. చుట్టూ ఉన్నది చతురస్రం కాదు. గుండ్రంగ ఉంది. ఎర్రగ ఉంది.

కరెంటు వచ్చినంక, పిలిస్తే దినేశ్ పలుకుతలేడని పాషా వచ్చి తలుపు నూకిండు. ప్రింటర్ల ఒక ఫోటో ఉంది. నీలం పరదా ముందట సిద్ధయ్య, దండ వేసే పటానికి తగ్గట్టు, నవ్వుకుంట. కెమెరా అమ్మిన అవ్వ కొడుకే అయ్యుంటడని పాషా దాన్ని అంజవ్వకు ఇచ్చొచ్చిండు. దినేశ్ నుదురు నుంచి గదుమ దాకా ముఖం చుట్టూ ఎర్ర గీత ఉంది. సబ్బుతోని పోలేదు, గ్యాసునూనెతోని పోలేదు. ఇప్పటికీ తువ్వాల కప్పుకొని తిరుగుతడు. ఎవరు పలకరించినా ఒక్కటే మాట: "వాడు గాదు."

ముచ్చట అయిపోయింది, లేవండి. ఇండ్లకు పోయి బువ్వ తినండి. పోయేటప్పుడు వరండాల మన బడి పిల్లల ఫోటో కాడ ఆగకున్రి. పొద్దున అది బాగనే ఉండె. ఇప్పుడు దాంట్ల ఒక్క ముఖం చుట్టూ సన్నగ పసుపుపచ్చ గీత ఉన్నది. హీబా ముఖం మాత్రం కాదు.

పోండి, అన్నం చల్లారుతది.