ఐదుసార్లు తెరుచుకునే లింక్

చైత్ర కుర్చీలో కూర్చోలేదు. కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా బెంగళూరు జయనగర్‌లోని ఆ ఇరుకు డిటెక్టివ్ ఆఫీసులో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఆమెను చూసి డిటెక్టివ్ అసిస్టెంట్ యతీశ్‌కీ కాలు నిలవలేదు.

"సాయంత్రం పోలీసులకి నా పేరిస్తారట మేడమ్. నేనే పాపం ఎరగను."

"మొదట్నించీ చెప్పమ్మా" అంది డిటెక్టివ్ కాత్యాయని బెళవాడి.

చైత్ర పనిచేసే కంపెనీ ఆస్పత్రుల రికార్డులు భద్రపరుస్తుంది. ఆ రికార్డులు బయటికి పొక్కాయి. ఎవరెవరో రోగులకు ఫోన్ చేసి, జబ్బు పేరు చెప్పి మరీ మందులు అంటగడుతున్నారు. డేటాబేస్ పాస్‌వర్డ్ తెలిసింది ఇద్దరికే: మేనేజర్ హెబ్బార్‌కి, కొత్తగా చేరిన చైత్రకి. నేరం ఎవరి నెత్తిన పడుతుందో చెప్పాలా?

మధ్యాహ్నానికి ముగ్గురూ కోరమంగలలోని ఆఫీసులో ఉన్నారు. హెబ్బార్ తమ పద్ధతి వివరించాడు. పాస్‌వర్డ్‌ని ఒక వెబ్ ఏపీఐకి, అంటే రహస్యాలు దాచే ఆన్‌లైన్ సేవకి, అప్పగిస్తే అది లింక్ ఇస్తుంది. ఆ లింక్ తెరిస్తే పాస్‌వర్డ్ కనిపిస్తుంది. చెప్పినన్నిసార్లు తెరిచాక రహస్యం చెరిగిపోతుంది.

"మరి చైత్రకి పంపిన లింక్‌ని ఐదుసార్లు తెరవొచ్చని ఎందుకు పెట్టారు?" అని అడిగింది కాత్యాయని.

"ఒకసారని పెడితే పంపగానే చచ్చిపోతోంది మేడమ్. అవతలివాళ్లు నొక్కేసరికి 'ఇప్పటికే చూసేశారు' అంటోంది. అందుకని ఇక్కడ అందరం ఐదే పెడతాం."

"ఎందుకు చస్తోందో ఎవరూ ఆరా తీయలేదా?"

"పని జరిగిపోతోంది కదా."

యతీశ్‌కి ఒళ్లు మండింది. తాళం సరిగ్గా పడటం లేదని తలుపే ఊడదీసే రకం వీళ్లు.

చైత్రకి పంపిన లింక్ మూడుసార్లు తెరుచుకుంది. మొదటిసారి హెబ్బార్ పంపిన క్షణంలోనే. "మూడూ ఈ పిల్ల పనే" అన్నాడు హెబ్బార్.

లింక్ పెట్టిన చాట్ గ్రూపులో ఇంకొకడున్నాడు, చైత్ర పక్క సీటు సుహాస్. "అది చైత్రకి పంపింది మేడమ్. నేను తాకనే లేదు" అన్నాడతను. తరవాత చైత్ర వైపు వంగి, "ఒప్పేసుకో చైత్రా. సార్‌తో నేను మాట్లాడతాను" అన్నాడు మెల్లగా.

కాత్యాయని హెబ్బార్, సుహాస్, చైత్ర ముగ్గురికీ వినపడేలా చెప్పింది. "ఆరింటికి నిపుణులొస్తారు. ఎవరు కాపీ చేశారో డేటాబేస్‌లో జాడ ఉంటుందట. పాస్‌వర్డ్ మార్చాం. ఆస్పత్రుల నుంచి అత్యవసరం వస్తే వాడమని మీ ముగ్గురికీ విడివిడిగా కొత్త పాస్‌వర్డ్ లింక్ పంపాను. అంతదాకా లోపలికి ఎవరూ వెళ్లొద్దు."

ఆ తరవాతి నిరీక్షణ యతీశ్ ప్రాణం తోడేసింది. కిటికీ దగ్గరికి వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. చైత్ర గోళ్లు కొరుక్కుంటోంది. కాత్యాయని మాత్రం ల్యాప్‌టాప్ తెర మీంచి కళ్లు తిప్పకుండా మద్దూరు వడ నములుతోంది. యతీశ్‌కి ఆవిడంటే ఎంత భక్తి ఉన్నా, ఆ క్షణాన ఆ వడ లాగేసుకోవాలనిపించింది.

ఐదు దాటాక ఆవిడ చేతులు తుడుచుకుని అందర్నీ గదిలోకి పిలిచింది.

"మొదటిసారి తెరిచింది మనిషి కాదు. చాట్‌లో లింక్ పెట్టగానే, కింద చిన్న బొమ్మ చూపించడానికి ఆ ప్రోగ్రామే వెళ్లి తెరుస్తుంది. మీ లింకులు చస్తున్నది అందుకే. రెండోసారి చైత్ర. మీరు ఉదారంగా మిగిల్చినవాటిలో ఒకటి ఇంకొకరు వాడుకున్నారు."

"ఎవరు?" హెబ్బార్ ముందుకు వంగాడు.

"ఇవాళ నేను పంపిన పాస్‌వర్డులు మూడూ ఉత్తుత్తివే. ఒక్కొక్కరికి ఒక్కోటి. జాడ చెరిపేద్దామని ఇందాక ఒకరు డేటాబేస్ తలుపు తట్టారు. వాడింది సుహాస్‌కి పంపిన పాస్‌వర్డ్."

సుహాస్ లేచి, మళ్లీ కూలబడ్డాడు. "నీదాకా వస్తుందనుకోలేదు చైత్రా" అని గొణిగాడు. చైత్ర అతని వైపు చూడలేదు. నిన్నటిదాకా ఆ ఆఫీసులో ఆమె నమ్మింది అతన్నొక్కణ్ణే. 

హెబ్బార్ నుదురు రుద్దుకున్నాడు. "పొరపాటైందమ్మా. ఫిర్యాదులో నీ పేరుండదు. రేపట్నించి మామూలుగా వచ్చేయ్."

"దొంగ అని హాల్లో అందరి ముందూ అన్నారు సార్" అంది చైత్ర.  "ఇదీ అక్కడే చెప్పండి."

హెబ్బార్ కాత్యాయని వైపు చూశాడు.  అతను లేచి గాజు తలుపు తెరిచాడు. హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. చైత్ర వెళ్లి అతని పక్కనే నిలబడింది.