నాలుగు పొరల రొట్టె

"చేప పిట్టు కుండ నిండుగా ఉందేంటే?"

అప్పుడే కాళ్లు కడుక్కుని పాకలోకి వచ్చిన రత్తమ్మ, కుండ మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

పొయ్యి ముందు కూర్చుని మూకుడు తోముతున్న తలుపులమ్మ చెయ్యి ఆగింది.

"చోడిపిండి కూడా పెట్టింది పెట్టినట్టే ఉంది. మునగాకు చేట కదల్లేదు. మరి మీ నాన్నావాళ్లు ఏం తిని వెళ్లారే?"

"రొట్టే తిన్నారమ్మా. తెల్ల రొట్టె! బియ్యప్పిండిలో బెల్లం, నెయ్యి వేసి చేశాను. సత్తియ్య బాబాయ్ వేళ్లు కూడా నాక్కున్నాడు తెలుసా?"

తలుపులమ్మ ముఖం వెలిగిపోతోంది. అమ్మ మెచ్చుకుంటుందనుకుంది. రత్తమ్మ మాత్రం గుండె మీద చెయ్యి వేసుకుని పీట మీద కూలబడింది.

ఇది నూట ముప్పై ఏళ్ల కిందటి మాట. అప్పట్లో గోదావరి జిల్లాలో ధాన్యం లారీల మీద పోయేది కాదు, కాలువల్లో పడవల మీద పోయేది. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు. గాలి లేకపోతే మనుషులే గట్టు మీద నడుస్తూ, మోకు భుజానికేసుకుని పడవని లాగేవాళ్లు. మోకంటే చెయ్యంత లావు తాడు. దాని చివర రెండు వందల బస్తాల పడవ! లాగడం మాటలా?

ఆ లాగేవాళ్లకి అన్నం పెట్టే పాక రత్తమ్మది. మండపేట వైపు నుంచి వచ్చే పడవలన్నీ అక్కడ ఆగేవి. ఆవిడ పొరల రొట్టె ఆ కాలువ పొడుగునా పేరు మోసింది. అడుగున చోడిపిండీ, అంటే రాగిపిండీ, తవుడూ కలిపిన నల్ల పొర. దాని మీద మునగాకు పొర. ఆ పైన ముళ్లు తీసి వేయించిన చేప పిట్టు. అన్నిటికీ పైన తెల్లగా పలచగా బియ్యప్పిండి. మూకుడు కింద సెగ, మూత మీద నిప్పులు. కాలాక దించి కోస్తే నాలుగు పొరలూ నాలుగు రంగుల్లో కనిపించేవి. వాసనకే పడవ ఆపేవాళ్లున్నారు.

అంత మంచి రొట్టె అంటే తలుపులమ్మకి నామోషీ పట్టుకుంది. ఎందుకంటే మూడు రోజుల కిందట రాజమండ్రి నుంచి వచ్చిన ఒకావిడ పాక ముందు పడవ దిగింది. రొట్టె కొనుక్కుని, నల్ల పొరని గోటితో ఒలిచి అవతల పారేసింది. "ఇదేంటమ్మా, గేదెలకి పెట్టే తవుడు మనుషులకి పెడతారా? మా ఊళ్లో రొట్టె మల్లెపువ్వులా ఉంటుంది" అంది. అందరూ నవ్వారు. పదకొండేళ్ల తలుపులమ్మకి తల కొట్టేసినట్టయింది. 'మేం లేనివాళ్లం కాబట్టే అమ్మ తవుడు కలుపుతోంది' అనుకుంది.

ఆ మర్నాడే ఊళ్లో లస్కర్లు చాటింపు వేశారు. లాకుల తలుపులు వేసేదీ తీసేదీ ఆ లస్కర్లే. ఏటా ఎండాకాలంలో బాగుచేతకని కాలువ కట్టేస్తారు. ఈ ఏడు శనివారం పొద్దుగూకేసరికి ధవళేశ్వరం లాకులు మూసేస్తామన్నారు. ఆలోగా దాటని పడవ నెలన్నర పాటు బురదలో కూర్చోవలసిందే.

ఇవాళే శనివారం.

తలుపులమ్మ నాన్న పోతురాజు లాగే పడవకి ఇవాళ ఐదు క్రోసులు, అంటే పది మైళ్ల దారి ఉంది. పోతురాజుది ముందు మోకు. నలుగురు లాగుతుంటే అందరికన్నా ముందు నడిచేవాడన్నమాట. అతని అడుగుని బట్టే మిగతావాళ్ల అడుగు. పన్నెండేళ్లుగా ఆ చోటు అతనిదే.

పొద్దున్నే పక్క పేటలో చెల్లెలికి నొప్పులొస్తున్నాయని కబురొస్తే రత్తమ్మ పరుగెత్తింది. పోతూ పోతూ, "అన్నీ సిద్ధం చేసే ఉన్నాయి. నాలుగు పొరలూ వెయ్యి. ఏదీ మానకు" అని చెప్పింది.

తలుపులమ్మ మూడు పొరలు మానేసింది. నాన్నకి ఇవాళ కష్టమైన రోజు కదా, మల్లెపువ్వులాంటి రొట్టె పెట్టాలనుకుంది. దాచిన నెయ్యంతా ఒంపేసింది. పాపం, ప్రేమతోనే చేసింది.

"పైన పటారం, లోన లొటారం అంటే ఇదేనే!" అంది రత్తమ్మ లేచి కొంగు బిగిస్తూ. "నల్ల పొర దేనికనుకున్నావ్? చోళ్లూ తవుడూ కడుపులో నిలబడతాయి. మధ్యాహ్నం దాకా ఆకలి మాట ఎత్తనివ్వవు. మునగాకు తింటే ఎండలో కళ్లు తిరగవు. చేప కండకి. ఇక ఆ తెల్ల పొరంటావా, అది నోటికి! నోటికి పెట్టి పంపించావు, ఒంటికి ఏం పెట్టావే?"

"మరి... వాళ్లకి కడుపు నిండిందన్నారు."

"తీపి తింటే రెండు ముక్కలకే మొహం మొత్తుతుంది. గంటకల్లా దాహం, ఆ తర్వాత ఆకలి. దార్లో తినడానికి కట్టిచ్చింది కూడా అదేనా?"

తలుపులమ్మ తల దించుకుంది. అదే.

రత్తమ్మ తిట్టలేదు. తిట్టడానికి తీరిక లేదు. కుండెడు చోడి అంబలి కాచింది. పిట్టు ఆకులో పొట్లం కట్టింది. మునగాకు నూనెలో వేయించి అంబలిలో కలిపేసింది. చేతులు అలా ఆడుతుంటే తలుపులమ్మ చూస్తూ ఉండిపోయింది.

"ఇదంతా నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరు చెప్తారు? తిని వెళ్లినవాళ్లనీ చూశాను, తిరిగొచ్చినవాళ్లనీ చూశాను. ఏం తిన్నరోజు ఎలా నడిచారో అడిగాను. పదేళ్లుగా అడుగుతూనే ఉన్నాను."

అమ్మ చదువుకోలేదని తలుపులమ్మకి తెలుసు. కాని ఇంత తెలుసని మాత్రం ఇన్నాళ్లూ తెలీదు. మా అమ్మ ఎంత గొప్పది, అనుకుంది. అనుకున్న వెంటనే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడవడం తర్వాత. ముందు నడు. నేనొస్తే ఇక్కడ ఆగిన పడవలవాళ్లు పస్తుంటారు" అంటూ రత్తమ్మ కుండని కూతురి నెత్తికెత్తింది.

గట్టు మీద మట్టి నిప్పులా కాలుతోంది. కుండ తొణక్కుండా తలుపులమ్మ గబగబా నడిచింది. క్రోసు దాటింది. ఇంకో క్రోసు దాటింది. మిట్టమధ్యాహ్నానికి మలుపు తిరిగేసరికి పడవ కనిపించింది. అది కదలడం లేదు. మోకు నీళ్లలోకి జారి తేలుతోంది.

తుమ్మచెట్ల కింద నలుగురూ కూలబడి ఉన్నారు. సత్తియ్య బాబాయ్ వెల్లకిలా పడుకుని పొట్ట పట్టుకున్నాడు. నాన్న రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్నాడు. నాన్న అలా కూర్చోవడం తలుపులమ్మ ఎప్పుడూ చూడలేదు.

పడవ మీద గొడుగేసుకుని నిలబడిన ఆసామి బుల్లిరాజు గారు కేకలేస్తున్నారు. పడవా ఆయనదే, ధాన్యమూ ఆయనదే.

"పన్నెండేళ్లుగా చూస్తున్నాను పోతురాజూ, దారిమధ్యలో చతికిలబడ్డం ఎప్పుడూ లేదు. నీకు వయసైపోయింది. నువ్వాగిపోతే వెనకవాళ్లూ ఆగిపోతారు. వచ్చే పంట నుంచి ముందు మోకు సత్తియ్యకిచ్చేస్తాను."

"చిత్తమండి," అన్నాడు పోతురాజు నెమ్మదిగా. "ఎందుకో కాళ్లలో సత్తువ లేదండి. నిజంగా వయసే అయిపోయిందేమోనండి."

తలుపులమ్మ చెట్టు చాటున ఆగిపోయింది. ఇప్పుడు కుండ దించి 'అమ్మ పంపింది' అంటే చాలు. నాన్న తింటాడు, లేస్తాడు. రొట్టె గురించి ఎవరూ అడగరు. కాని ముందు మోకు పోతుంది. తనకి వయసైపోయిందని నాన్న జన్మంతా నమ్ముతాడు.

కుండ చెట్టు మొదట్లో దించి, గట్టు అంచుకి వెళ్లి బుల్లిరాజు గారి ఎదురుగా నిలబడింది.

"అయ్యగారండీ! మా నాన్నకి వయసవలేదండి. తప్పు నాదండి."

"ఎవరే నువ్వు?"

"పోతురాజు కూతుర్నండి. మా అమ్మ నాలుగు పొరల రొట్టె చెయ్యమందండి. తెల్లగా ఉండాలని నేను మూడు పొరలు తీసేశానండి. బలమంతా ఆ మూడిట్లోనే ఉందంటండి. నాకు తెలీదండి."

బుల్లిరాజు గారు నవ్వేశారు. "తిండి తిండే కదే! నల్లగా ఉంటే ఏంటి, తెల్లగా ఉంటే ఏంటి?"

"కాదండి," అంది తలుపులమ్మ. చోళ్లు ఏం చేస్తాయో, మునగాకు ఏం చేస్తుందో, చేప ఎందుకో, అమ్మ చెప్పిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది.

బుల్లిరాజు గారు గొడుగు పక్కకి వంచి పొద్దు వైపు చూశారు.

"సరే. మీ అమ్మ పంపిన తిండి పెట్టు. పొద్దుగూకేలోగా లాకులు దాటితే నువ్వు చెప్పింది నిజం. దాటకపోతే నేను చెప్పింది నిజం."

తలుపులమ్మ భయంభయంగా నాన్న వైపు తిరిగింది. పోతురాజు ముఖంలో కోపం లేదు. చెయ్యి చాచి కూతురి కళ్లు తుడిచాడు.

"అమ్మయ్య! నా కాళ్లకేమీ రాలేదన్నమాట. పెట్టవే, ఆకలి దంచేస్తోంది."

నలుగురూ అంబలి తాగారు, పిట్టు తిన్నారు. కాసేపు నీడన నడుం వాల్చారు. ఆ తర్వాత పోతురాజు లేచి, నీళ్లలోని మోకు లాగి భుజానికేసుకున్నాడు.

"హైలెస్సా!"

పడవ కదిలింది. తలుపులమ్మ వెనకే నడిచింది. నాన్న వీపు మీద కండలు తాళ్లలా బిగుస్తున్నాయి. అడుగు ముందుకి పడుతోంది. దాని వెనకే మిగతా మూడు అడుగులూ పడుతున్నాయి. కొండంత పడవ ఆ నాలుగు జతల కాళ్ల వెంట బుద్ధిగా వస్తోంది. రోజూ చూసేదే అయినా, ఎంత కష్టమో ఆ పిల్లకి ఇవాళే కనిపించింది. ఈ కాళ్ల వెనక అమ్మ మూకుడు ఉందని కూడా ఇవాళే తెలిసింది.

ధవళేశ్వరం చేరేసరికి సూర్యుడు ఎర్రబడ్డాడు. లస్కర్లు లాకు తలుపుల దగ్గర నిలబడి ఉన్నారు.

"ఆగండయ్యా, ఆగండి!" అని సత్తియ్య గట్టు అదిరేలా అరిచాడు.

లస్కర్లు ఆగారు. పడవ లాకులోకి జారింది. వెనకాల తలుపులు కిర్రుమంటూ మూసుకున్నాయి. ఆ ఏడు దాటిన ఆఖరి పడవ అదే.

బుల్లిరాజు గారు గొడుగు ముడిచి, "పోతురాజూ, ముందు మోకు నీదేనయ్యా. మీ ఇంటిదాన్ని అడిగానని చెప్పు" అన్నారు.

"ఏమాటకామాటే చెప్పుకోవాలన్నయ్యా," అన్నాడు సత్తియ్య చెమట తుడుచుకుంటూ. "బెల్లం రొట్టె మాత్రం చాలా బాగుంది."

అందరూ నవ్వారు. తలుపులమ్మకి కూడా నవ్వొచ్చింది.

నెలన్నర తర్వాత కాలువకి ఎర్రటి కొత్త నీరొచ్చింది. మొదటి పడవ బయల్దేరే రోజు రత్తమ్మ పొయ్యి ముందు నుంచి లేచి, "నువ్వే చెయ్యి" అని మూకుడు కూతురికిచ్చి నీళ్లకి వెళ్లిపోయింది. మళ్లీ తనకిస్తుందని తలుపులమ్మ కలలో కూడా అనుకోలేదు.

చోడిపిండి పరిచింది. మునగాకు పరిచింది. చేప పిట్టు కుండలో చెయ్యి పెడితే అడుగున కొంచెమే తగిలింది. కొత్త నీటికి రెండు రోజులుగా వలలో చేపలు పడలేదు. ఉన్నది సగం మూకుడుకే సరిపోతుంది. పైన తెల్ల పిండి కప్పేస్తే లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది?

తలుపులమ్మ మాత్రం తెల్ల పిండి పక్కన పెట్టింది. ఉలవలు ఉడకబెట్టి, మెదిపి, పిట్టులో కలిపి పరిచింది. తెల్ల పిండి వేసి, మూత పెట్టి, పైన నిప్పులు సర్దింది.

నలుగురూ వచ్చి ఆకుల ముందు కూర్చున్నారు. తలుపులమ్మ రొట్టె కోసింది. వడ్డించే ముందు, కోసిన వైపు వాళ్లకి కనపడేలా ఒక ముక్క ఎత్తి పట్టుకుంది.

"కింద చోళ్లూ తవుడూ. దాని మీద మునగాకు. ఇదిగో, ఇక్కడ చేప తక్కువుంది. అందుకని ఉలవలు కలిపాను. చేపంత బలం ఉంటుందో లేదో నాకు తెలీదు. తిరిగొచ్చాక ఎలా నడిచారో చెప్పాలి."

"నువ్వు చెప్పకపోతే మాకేం తెలిసేదే?" అన్నాడు సత్తియ్య నవ్వుతూ.

"తెలీదు బాబాయ్. అందుకే చెప్తున్నాను."

నీళ్ల బిందెతో వచ్చిన రత్తమ్మ గుమ్మంలోనే ఆగి కూతుర్ని చూస్తూ ఉండిపోయింది. పోతురాజు తన ఆకు ముందుకి జరిపాడు. తలుపులమ్మ అందులో ముక్క వడ్డించి, ఇవాళ దూరమెక్కువని ఇంకో ముక్క వేసింది.