ఆరాధన అడిగిన షాకులు

"అమ్మేశారా? నాకు మాటిచ్చి ఇంకొకరికి అమ్మేశారా?"

గుంటూరు మిర్చియార్డు వెనక రేకుల షెడ్డులో ఆరాధన వేసిన కేకకి, పక్క గోడౌన్లో మిర్చి బస్తాలు మోస్తున్న కూలీలు కూడా పని ఆపి తొంగిచూశారు. ఘాటుకి ఆమె కళ్ళు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి. మిగతా ఎరుపంతా నాగేంద్రబాబు పుణ్యమే.

ఈ నాగేంద్రబాబు రేసుల్లో వాడేసిన కార్ల సామాను కొని, కడిగి, సరిచేసి, తనలాంటి కారు పిచ్చోళ్ళకే అమ్ముతుంటాడు. ఆ పిచ్చోళ్ళందరికీ నెట్‌లో ఒక గ్రూపుంది. అక్కడ అడ్వాన్సులుండవు, రసీదులుండవు. అమ్మేవాడు 'మీకే ఉంచుతా' అన్నాడంటే ఆ సామాను అడిగినవాళ్ళదే. కోయంబత్తూరు ర్యాలీలో పరిగెత్తిన జెన్ కారు నుంచి ఊడదీసిన షాకబ్జార్బర్లు ఆరాధనకే ఉంచుతానని అతను ఫోన్‌లో శుభ్రంగా మాటిచ్చాడు.

"ఎవరికిచ్చారు?"

"దాచేపల్లి జాన్ బాషాకి. నిన్న కారేసుకుని వచ్చేశాడండీ."

"నేను బస్సులో వస్తే మనిషిని కాదా?"

"అది కాదండీ... రేపు నల్లపాడు గ్రౌండ్లో రేసు కదా. వాడు దిగుతున్నాడు. మీరేమో..."

"ఆఁ, నేనేమో? ఆగారేం? పూర్తి చేయండి."

నాగేంద్ర నూనె చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "మీది డ్రైవింగ్ స్కూల్ కారు కదండీ. సరదాకి అడుగుతున్నారనుకున్నా. నిజంగా దిగుతారనుకోలేదు."

ఆరాధనకి ఒళ్ళు మండిపోయింది. రేసుకి దిగుతానని ఆమె గ్రూపులో రాసినప్పుడు అందరూ 'మేడమ్, ఎల్ బోర్డు తీసేసి రండి' అని పళ్ళికిలించారు. ఇతనొక్కడే ఫోన్ చేసి, టైర్లలో గాలెంత పెడుతున్నారు, మలుపులో ఏ గేరు వేస్తున్నారు అని అడిగాడు. ఆ తర్వాత రోజూ చేశాడు. సాయంత్రమయ్యేసరికి ఆమె ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగేది. ఒక్కడైనా తనని డ్రైవర్‌గా లెక్కేశాడని పిచ్చిదానిలా మురిసిపోయింది. తీరా చూస్తే ఇతనూ వాళ్ళలో ఒకడే.

"అయితే ఆ ఫోన్లన్నీ కూడా సరదాకేనా?"

జవాబు వినడానికి ఆమె అక్కడ నిలబడలేదు. తన ఊరు నరసరావుపేట బస్సెక్కి, దారి పొడవునా అతన్ని మనసులోనే కడిగిపారేసింది. పక్కసీటు ముసలమ్మ భయపడి లేచి వెనక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆమె తండ్రి జోసఫ్ గేటు దగ్గర్నుంచి పిలిచాడు. డ్రైవింగ్ స్కూల్ ఆయనదే, ఆ ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆయనే.

"అమ్మాయ్! ఎవరో గోనెసంచి మోసుకొచ్చాడు. నీ కోసమంట."

నాగేంద్ర! చొక్కా చెమటతో తడిసిపోయింది. సంచిలో షాకులున్నాయి.

"జాన్ బాషాని అడిగి తెచ్చారా?"

"వాడికి అమ్మింది మళ్ళీ ఎలా లాక్కుంటానండీ? ఇవి నావి. నా జెన్‌వి. వాటికంటే మంచివే."

"మరి మీ కారు?"

"ఇటుకల మీదుంది."

"రేపు మీరు దిగరా?"

"లేదండీ."

"నా మీద జాలా?" ఆరాధన గొంతు వీధి చివరిదాకా వినబడింది. "ముందు మాట తప్పడం, తర్వాత త్యాగం చేయడం! మీ త్యాగం ఎవడికి కావాలి? గ్రూపులో అందరికంటే ఫాస్టు మీరేనంట. మీరు దిగకపోతే నేను ఎవర్ని ఓడించాలి?"

"అమ్మాయ్, ఆ తిట్టేదేదో లోపలికి పిలిచి తిట్టు," అన్నాడు జోసఫ్. "పాపం, బరువు మోస్తున్నాడు."

ఆరాధన గేటు తీసింది గానీ మెత్తబడలేదు. "ఒకే కారు మీద ఇద్దరు దిగొచ్చని రూలుంది. ముందు నేను, తర్వాత మీరు. ఒప్పుకుంటేనే సంచి దించండి. లేదంటే అలాగే బస్సెక్కండి."

అతను సంచి దించాడు. చీకటి పడకముందే ముగ్గురూ కలిసి షాకులు బిగించారు. పానా కావాలన్నా ఆరాధన తండ్రినే అడిగింది తప్ప అతనితో ఒక్క మాటా మాట్లాడలేదు.

మర్నాడు నల్లపాడు గ్రౌండ్లో డ్రైవింగ్ స్కూల్ జెన్ని చూసి కుర్రకారు ఈలలు వేసింది. ఒక్కొక్క కారే మట్టిలో పరిగెత్తాలి, స్టాప్‌వాచీ తేల్చాలి. ఆరాధన నాలుగు మలుపులూ పళ్ళు బిగించి తిప్పింది. దుమ్ము అణిగేసరికి ఈలలు ఆగిపోయాయి. తర్వాత అదే కారులో నాగేంద్ర వెళ్ళాడు. అర సెకను ఆలస్యంగా వచ్చాడు.

అర సెకను! ఆరాధనకి సంతోషం రాలేదు, అనుమానం వచ్చింది. గబగబా కారు దగ్గరికి వెళ్ళింది.

"కావాలని వదిలేశారు కదూ? ఆడపిల్ల కదా, గెలవనిద్దామని?"

నాగేంద్ర హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాడు. అతనికి కోపం రావడం ఆమె మొదటిసారి చూస్తోంది.

"వదిలేశానా? చివరి మలుపులో కారు బోల్తా పడేదండీ! ప్రాణం పెట్టి తోలాను! నాలుగేళ్ళుగా ఈ గ్రౌండ్లో నన్ను ఒక్కడూ కొట్టలేదు. మీ కారులో, నా షాకులతో, మీ చేతిలో ఓడిపోయాను. నాకు కడుపు మండిపోతోంది! ఇది కూడా నమ్మరా?"

జాన్ బాషాతో సహా గ్రౌండంతా వింది. ఆరాధన అనుమానం అక్కడితో పోయింది. ఇంత నిజంగా తన మీద ఎవరూ కోప్పడలేదు. నవ్వాపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వకండి! రేసు అవగానే మీకో మాట చెబుదామని రాత్రంతా కూడబలుక్కున్నా. అంతా పాడైపోయింది."

"ఏం మాట?"

"మీరంటే నాకు ఇష్టమని. ఫోన్లు సరదాకి కాదని."

"చెబుదురుగానీ," అంది ఆరాధన, అతని హెల్మెట్ తీసి దుమ్ము దులుపుతూ. "ముందు ఆ ఓడిపోయానన్న మాట ఇంకోసారి చెప్పండి."