శనివారం మీల్ మేకర్

ఇసుకలో పాత వల పరిచి ఎండబెట్టిన నెత్తళ్ల మీద ఎవరిదో బూటు కాలు పడింది. సుభాషిణి తలెత్తి చూసింది. వచ్చినవాడి భుజాన పెద్ద సంచి, చేతిలో ఫోను ఉన్నాయి. కళ్లు ఆ ఫోనులోనే ఉన్నాయి.

"అన్నా, అది దోవ కాదు. మా కూడు" అంది.

అతను గబుక్కున వెనక్కి జరిగి ఇంకో వరస తొక్కాడు. తర్వాత సంచి దించి అక్కడే కూలబడి, నలిగిపోయిన చేపలను ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు. ముక్కు మూసుకోలేదు. ఆ సంగతి సుభాషిణి గమనించింది.

అతని పేరు పెంచలప్రసాద్. ఊరు బుచ్చిరెడ్డిపాలెం, ఉద్యోగం నెల్లూరులో. సెలవు దొరికితే స్నేహితులను వెంటబెట్టుకుని కొండలెక్కుతాడు. తోటపల్లి గూడూరు వైపు ఒడ్డున ఎండబెట్టే పనిలో పేరమ్మ కూతురు సుభాషిణిని మించిన చెయ్యి లేదని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చాడు.

సంచిలోంచి మీల్ మేకర్ పొట్లాలు తీశాడు. పోయినసారి ఈ ఉండలనే కూరగా వండి, ఎండబెట్టి మోసుకెళ్లాడట. కొండ మీద గంటసేపు నానబెట్టినా రబ్బరు బంతుల్లాగే ఉన్నాయట. పన్నెండు మంది రెండు రోజులు బిస్కెట్లతో గడిపారట. ఈసారి పెంచలకోన కొండల్లో నడక. శనివారం బయలుదేరుతారు. వాళ్లమ్మకు ఏదో మొక్కుబడి ఉంది, ఆవిడా వస్తుంది.

"మాంసం తిన్నట్టుండాల. మాంసం కాకూడదు. నీసు వాసన అసలే తగలకూడదు. మా అమ్మ ఒప్పుకోదు" అన్నాడు.

నీసు ముట్టని ఇల్లు కాబోలు అనుకుంది సుభాషిణి. ఎందుకో మనసులో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. అయినా సరేనంది.

మొదటిసారి తప్పు చేసింది. వలను నాలుగుసార్లు ఉతికి, దాని మీదే ఆరబెట్టింది. ప్రసాద్ ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"బాగుండాది. సముద్రం గుర్తొస్తా ఉండాది" అన్నాడు.

సుభాషిణికి సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆ ముక్కలన్నీ కోళ్లకు వేసింది.

మరుసటి రోజు కొత్త చాపలు కొని, తుఫాను షెల్టరు మిద్దె మీదికి మకాం మార్చింది. అక్కడ ఎవరూ ఎన్నడూ చేప ఆరబెట్టలేదు. పది రోజులు తను చేపను ముట్టనని తల్లికి చెప్పేసింది. పేరమ్మ గొణుక్కుంటూనే గంప తనొక్కతే మోసింది.

సాయంత్రం పని అయిపోగానే ప్రసాద్ బండి వేసుకుని వచ్చేవాడు. ఆమె పని చూస్తూ కూర్చునేవాడు. మీల్ మేకర్‌ను ఉప్పునీళ్లలో ఉడికించి, మూడుసార్లు గట్టిగా పిండేది. పచ్చి వాసన అంతా ఆ నీళ్లతో పోయేది. ఉండను ఉండగా ఉంచకుండా వేళ్లతో పీచుల్లా చీల్చేది. అల్లం, కారం, ధనియాల పొడి వేసి వండేది కానీ నూనె చుక్క తగలనిచ్చేది కాదు. నూనె ఉంటే నాలుగు రోజులకే మక్కిన వాసన వస్తుందట. ఇవన్నీ ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు. చేప నేర్పిన పాఠాలను మీల్ మేకర్‌కు అప్పజెప్పింది.

ఎండిందో లేదో చేత్తో తాకి చూసేది కాదు. గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించేది. గలగలమంటే సంచిలోకి, లేకుంటే మళ్లీ చాప మీదికి. ప్రసాద్ కూడా ఆడించి చూశాడు.

"నాకేం వినపళ్లేదే."

"వింటే కదా అన్నా. నువ్వు నన్ను చూస్తా ఉంటే ఎట్టా వినపడద్ది?"

"ముందు ఆ అన్నా అనేది మానుకో" అన్నాడు ప్రసాద్. ఆమె చాపల వైపు తిరిగి నవ్వు దాచుకుంది.

ఎనిమిదో రోజు ఉన్నట్టుండి వాన పట్టుకుంది. ఇద్దరూ చాపలు చుట్టుకుని మెట్ల కిందికి పరుగెత్తారు. ఒక్క పీచు కూడా తడవలేదు కానీ వాళ్లిద్దరూ నిలువునా తడిశారు. అక్కడే, చాప చుట్ట గుండెకు హత్తుకుని, ప్రసాద్ అడిగేశాడు. నన్ను పెళ్లి చేసుకుంటావా అని.

సుభాషిణి వాన వైపు తిరిగింది. అతనంటే ఇష్టం. ఆ మాట తనలో తాను ఎన్నిసార్లు అనుకుందో. కానీ నీసు ముట్టని ఇంట్లో తనేం చెయ్యాలి?

"మీకూ మాకూ కుదరదు" అంది, అంతే. రైతులకూ బెస్తలకూ కుదరదని చెబుతోందని అనుకున్నాడు ప్రసాద్. ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. అయినా ఒప్పుకున్న పని ఒప్పుకున్నదే. ఎలా నానబెట్టాలో చూపించడానికి శనివారం ఆమె కూడా కొండకు వచ్చింది.

నడిమధ్యాహ్నం కొండ మీద వాన దంచింది. పుల్లలు తడిసి పొయ్యి రాజలేదు. అందరూ ప్రసాద్ ముఖం చూశారు, ప్రసాద్ సుభాషిణిని చూశాడు. ఆమె తొందరపడలేదు. వండి ఎండబెట్టిన అన్నం, మీల్ మేకర్ పీచులు గిన్నెలో వేసి, చల్లని నీళ్లు పోసి మూత పెట్టింది. ముప్పావు గంటకు మూత తీస్తే బండరాయి కింద చేరిన వాళ్లందరికీ కమ్మటి మసాలా వాసన తగిలింది.

ప్రసాద్ తల్లి కామాక్షమ్మ మొదటి ముద్ద పెట్టుకుని ఆగిపోయింది. మెల్లగా అరచేతిలోకి ఉమ్మేసింది.

"ప్రసాదూ, ఈ రోజు ఏం వారం? ఇది పొట్టేలు మాంసం కదరా."

సుభాషిణి ఇంకా నానబెట్టని పీచుల పొట్లం విప్పి ఆవిడ ముందు పెట్టింది. మీల్ మేకర్ అని చెప్పింది. మిద్దె మీద ఆరబెట్టానని, ఈ పని పట్టిన పది దినాలూ చేప ముట్టలేదని చెప్పింది. కామాక్షమ్మ ఒక పీచు తీసి వాసన చూసింది, కొరికింది. మళ్లీ గిన్నె దగ్గరికి లాక్కుంది.

"నా మొక్కుకి నువ్వు పది దినాలు నిష్ఠగా ఉండావా?" అంది.

అప్పుడు ప్రసాద్ నోరు విప్పాడు. "ఈ పిల్లనే చేసుకుంటానని అడిగినాను, అమ్మా. కుదరదనింది."

"ఎందుకు కుదరదు మే?" అని కామాక్షమ్మ సుభాషిణిని అడిగింది.

సుభాషిణి తల వంచలేదు. "పది దినాలంటే ఉన్నానమ్మా. బతుకంతా ఉండలేను. మా అమ్మ చేపలు అమ్మి నన్ను పెంచింది. మీ ఇంట్లో నీసు పనికిరాదు. ఒదిలేస్తానని అబద్ధం చెప్పి మీ గడప తొక్కలేను."

కామాక్షమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఏం చెప్పినావురా ఈ పిల్లకి?"

"శనివారం అని చెప్పినా గదమ్మా..."

"శనివారం ఒక్కటే మే, మేము సామికిచ్చింది" అంది కామాక్షమ్మ. "మిగతా దినాల్లో చేపల పులుసు లేకుంటే వీడు కంచం ముందర కూర్చోడు."

సుభాషిణి ప్రసాద్‌ను చూసింది. అతను వానను చూస్తూ కూర్చున్నాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

గిన్నె అడుగు దాకా తిని, వేళ్లు కూడా నాకి, కామాక్షమ్మ చెయ్యి కడుక్కుంది.

"ఆదివారం మీ ఇంటికొస్తాం. పులుసులోకి మా చెట్టు మామిడికాయలు నేను తెస్తా. చేప సంగతి మీ అమ్మను చూసుకోమను."