ఇంజినీరు పోయినట్టే లెక్క

"ఆపరేషన్ క్లోజ్," అన్నాడు చీఫ్. ఫైలు మూసి ఎర్ర ముద్ర గుద్దాడు.

బల్లకి ఇవతల నిలబడిన ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్ అంతా పంతులమ్మ అంటుంది. బయటివాళ్లకి ఆమె ఇన్‌స్టిట్యూట్‌లో ఇంటర్మీడియట్ స్థాయి జపనీస్ నేర్పే టీచర్. నిజంగానే నేర్పుతుంది, బాగా నేర్పుతుంది. ఇవాళ కూడా పాఠం మధ్యలో, ట్రాన్స్‌మీటర్ దాచిన చేతిగడియారం మూడుసార్లు వణికేసరికి వేళ్లకి అంటిన సుద్దయినా దులుపుకోకుండా పరిగెత్తుకొచ్చింది.

"క్లోజ్ ఏమిటి సర్? ఇంజినీరు ఏడీ?"

"పోయాడు. పొద్దున పట్టుకున్న మెసేజ్ ఇది." చీఫ్ ఒక కాగితం ముందుకు తోశాడు.

సైన్యానికి రహస్య సందేశాల సైఫర్ మెషీన్ తయారుచేసిచ్చిన ఇంజినీరు మూడు రోజుల క్రితం ఆఫీసు మెట్లు దిగుతూ మాయమయ్యాడు. ఎత్తుకుపోయింది ఒక విదేశీ ముఠా. అందులో ఒక్కొక్కడిదీ ఒక్కో దేశం. వైర్‌లెస్‌లో మాత్రం అందరూ జపనీస్‌లోనే మాట్లాడుకుంటారు. ఈ ఊళ్లో ఆ భాష తెలిసినవాళ్లు ఎంతమందిలే అని ధీమా.

టైపు చేసిన అనువాదం ఇలా ఉంది: "ఇంజినీరు చనిపోయాడు. నిర్ణయం అమలైంది. మధ్యాహ్నం శవాన్ని వదిలించుకుంటాం."

పంతులమ్మ దాన్ని పక్కకి నెట్టి, కింద ఉన్న అసలు మాటలు చదివింది. *గిషి వ షిన్ద కొతొ ని సురు. హిరు ని దసు.* ఇంకోసారి చదివింది. చెవులు వేడెక్కాయి.

"ఇందులో మనిషి చచ్చాడని ఎక్కడుంది సర్?"

"షిన్ద అంటే చచ్చాడనేగా? ఆమాత్రం నాకూ తెలుసు."

"షిన్ద దగ్గరే ఆపేస్తే చచ్చాడనే. ఆపలేదుగా! వెనక కొతొ ని సురు తగిలించాడు." మార్కర్ లాక్కుని గోడకున్న మ్యాప్ మీదే బరబరా రాసింది. "ఇకు అంటే వెళ్లడం. ఇకు కొతొ ని సురు అంటే వెళ్దామని నిర్ణయించుకోవడం. సరేనా? ఇత్త అంటే వెళ్లాడు. మరి ఇత్త కొతొ ని సురు?"

"వెళ్లాడని... నిర్ణయించడం?"

"వెళ్లకపోయినా వెళ్లినట్టే లెక్క! ముందున్న క్రియ జరగబోయేదైతే అది నిర్ణయం. జరిగిపోయినదైతే జరగనిదాన్ని జరిగినట్టు చలామణీ చేయడం. అంటే ఇంజినీరు చావలేదు సర్. చచ్చినట్టు చూపిద్దామంటున్నారు! మీరేమో ముద్ర గుద్ది కూర్చున్నారు!"

"ఒక్క మాట కోసం ఇంత గోలా?"

"ఆ ఒక్క మాటలోనే ఆయన ప్రాణం ఉంది. నాకు ఒళ్లు మండుతోంది సర్. ఎవరు చేశారు ఈ అనువాదం?"

"ముత్యం."

కబురు వెళ్లిన నిమిషానికి ముత్యం వచ్చింది. మెడలో మూడు పేటల ముత్యాల హారం. ఆమె నడిచొస్తుంటే టైపిస్టుల చేతులు ఆగిపోతాయి. రెండేళ్ల క్రితం ఇదే పంతులమ్మ దగ్గర ముందు బెంచీలో కూర్చుని జపనీస్ నేర్చుకుంది.

"అయ్యో టీచర్! తొందరలో పొరపాటు పడ్డాను. ఆ పాఠం నాకెప్పుడూ తికమకే."

పంతులమ్మ పళ్లు కొరికింది. ఆ పాఠం తిరిగి చెప్పమంటే క్లాసులో తడబడకుండా చెప్పింది ఈ పిల్లే. అయినా గొంతు తగ్గించుకుని, పోనీలే అన్నట్టు చెయ్యి ఊపింది.

"సరే. కికనకత్త కొతొ ని సురు."

ముత్యం మొహం విప్పారింది. "థాంక్స్ టీచర్! మీ మనసు పెద్దది."

చీఫ్ పంతులమ్మ వైపు తిరిగాడు.

"ఏమన్నావు నువ్వు?" అని అడిగాడు.

"తను చెప్పింది విననట్టే లెక్క అన్నాను సర్. అదే పాఠం, అదే మెలిక. చూశారా, ఎంత బాగా అర్థమైందో!" పంతులమ్మ ముత్యం వైపు తిరిగింది. "తెలియక తప్పు రాస్తే సర్దుకుంటాను. నేను నేర్పిన భాషతోనే మనిషిని పాతిపెడతావా?"

ముత్యం చెయ్యి చటుక్కున మెడమీదికి వెళ్లింది. హారంలోంచి ఒక ముత్యం తెగి నేలమీద పగిలింది. గది నిండా తెల్లటి పొగ. పంతులమ్మ తలుపు చప్పుడు కోసం ఆగలేదు. బల్లని రెండు చేతులా తలుపు వైపు తోసింది. అవతల కెవ్వున కేక. పొగ విడిచేసరికి ముత్యం బల్లకీ తలుపుకీ మధ్య ఇరుక్కుని ఉంది.

"ఎంత అరిచినా లాభం లేదు టీచర్. పదకొండూ ఇరవై అయింది," అంది రొప్పుతూ.

హిరు ని దసు. మధ్యాహ్నం పంపించేస్తాం. చచ్చినట్టు లెక్కగట్టిన మనిషిని దేశం ఎలా దాటిస్తారు? శవపేటికలో పెట్టి, డెత్ సర్టిఫికెట్ చేతపట్టుకుని!

చీఫ్ అప్పటికే ఎయిర్‌పోర్ట్‌కి ఫోన్ కలుపుతున్నాడు. కార్గోలో ఒకే ఒక్క పేటిక బుక్కయింది. పన్నెండు గంటల విమానం. పేరు వేరే.

పదకొండూ యాభైకి తెల్లకోటు, నోటికి మాస్క్, మెడలో స్టెతస్కోప్‌తో హెల్త్ ఇన్‌స్పెక్టర్ ఒకామె కార్గో షెడ్‌లో అడుగుపెట్టింది. తలుపు దగ్గర ట్రాలీ పట్టుకున్న లోడర్, "బయట వానా మేడమ్?" అన్నాడు. "గొడుగు తెచ్చాను," అంది ఆమె. గుర్తుమాట కలిసింది, మనవాడే. నల్లసూటు వేసుకున్న ఒకడు పేటికకి అడ్డంగా నిలబడ్డాడు.

"మా అన్నయ్య మేడమ్. సీలు వేసేశారు. ప్రశాంతంగా పోనివ్వండి."

"పోనిస్తాను. ఒక్క సంతకం."

ఆమె స్టెతస్కోప్ పేటిక మీద ఆనించింది. అది టైంబాంబుల టిక్కుటిక్కు వినడానికి మన ల్యాబ్‌లో చేసింది. ఇనప గోడల్లోంచైనా వింటుంది. ముందు ఏమీ లేదు. విమానం ఇంజన్ల హోరు. ఆమె కళ్లు మూసుకుంది. లబ్. చాలాసేపటికి ఇంకో లబ్. మత్తుమందిచ్చి గుండెను మెల్లగా నడిపిస్తున్నారు.

"మీ అన్నయ్యగారి గుండె కొట్టుకుంటోందేం?"

నల్లసూటు చెయ్యి జేబులోకి వెళ్లింది. పిస్టల్ సగం బయటికి వచ్చేలోపు, మూడు రోజుల కోపమంతా పంతులమ్మ మోచేతిలోకి వచ్చి వాడి ముక్కు మీద దిగింది. కిందపడ్డవాడి మీదికి లోడర్ ట్రాలీని ఎక్కించాడు.

పదకొండూ యాభై తొమ్మిదికి సీలు ఊడింది. పంతులమ్మ ఇంజినీరు జబ్బకి మత్తు విరిచే ఇంజెక్షన్ పొడిచి, చెంపలు వాయించింది. అప్పుడే చీఫ్ ఆయాసపడుతూ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఆమె మొహం చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఇంజినీరు కళ్లు తెరిచాడు. మెల్లగా లేచి కూర్చున్నాడు. తన చుట్టూ పూలదండలు. గంభీరంగా నిలబడ్డ పెద్దమనుషులు. ఆయన మర్యాదగా గొంతు తగ్గించాడు.

"ఎవరు పోయారండీ?"

"ఇంకా ఎవరూ పోలేదు," అంది పంతులమ్మ, చీఫ్ వైపు చూస్తూ.